అండీ అన్నందుకు

1971, బుధవారం. ఇస్నాపూర్.

ఫోర్‌మన్ సార్ కేక ఇంకా చెవుల్లోనే ఉంది. పోయిన వారం మెషిన్ ఆగిపోతే "సార్, నువ్వొచ్చి జెర సూడు" అని పిలిచాను. మా ఇంట్లో నాయనతో కూడా అట్లాగే మాట్లాడతాం. గుడివాడ నుంచి వచ్చిన ఆయనకు అది పొగరులా వినిపించింది. "నువ్వేంట్రా నువ్వు! పెద్దా చిన్నా తెలీదూ?" అన్నారు.

అప్పటినుంచి ఆ కోస్తా వాళ్ళ మాట నేర్చుకుంటున్నాను. ఇవాళ డ్యూటీ ఎక్కగానే ధైర్యం చేసి, "నమస్కారమండీ, బావున్నారాండీ?" అన్నాను.

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఆయన ముఖం ఎర్రబడింది. "నా యాసనే వెక్కిరిస్తావా? రేపు అందరి ముందూ తప్పయిందని చెప్పు. లేదంటే పనిలోకి రాకు."

వెక్కిరించలేదని నేను చెప్పేలోపే వెళ్ళిపోయారు. మర్యాద చేయబోతే ఇట్లా...

మధ్యాహ్నం లేత్ మెషిన్ మీద పనిచేసే యాదగిరన్న భుజం తట్టాడు. "మూగోడనుకున్న గదరా! ఆయన్నే ఆడుకున్నవ్! రేపు మాఫీ గీఫీ అడిగినవనుకో, మాతోని మాట్లాడకు." ఇన్నాళ్ళూ నా పేరే తెలియని వాళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని చాయ్ తాపించారు.

రేపు తప్పయిందంటే వీళ్ళు దూరం పెడతారు. అనకపోతే పని పోతుంది. నాయనకు ఏమని చెప్పాలి?

పొద్దున ఆ మాట అన్నప్పుడు నాలో ఏ పొగరూ లేదు, ఒట్టు. కానీ చాయ్ దగ్గర వాళ్ళు ఇంకోసారి అనమంటే, అన్నాను. ఆయన గొంతుతోనే అన్నాను.