తెల్లదుప్పటి మీద ఇస్త్రీ మడత

ఇస్త్రీ పని చేసుకునే ఇంటి పెద్దకూతురిని, బొమ్మలు వేసుకొని బతికేదాన్ని అయిన నేను, ఆసుపత్రి మంచం మీద కూర్చొని నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. రేపు ఉదయం నా గుండెకు ఆపరేషన్. డాక్టర్లు ధైర్యం చెబుతూనే కాగితం తరువాత కాగితం మీద సంతకం చేయించుకున్నారు. ఈ ఒక్కటి మాత్రం నా అంతట నేను రాసుకుంటున్నాను. గుండె బలహీనమే గానీ బుద్ధి స్థిరంగా ఉంది. నన్నెవరూ బలవంతపెట్టలేదు. అమ్మ టీ తాగడానికి కిందికి వెళ్లింది. నేను ఇంటికి తిరిగి వస్తే ఈ కాగితం చించేస్తాను. రాకపోతే ఇందులో ఉన్నట్టు జరగాలి.

1. దీన్ని జరిపించే బాధ్యత మా వీధి చివర పటాలు కట్టే బాబాయికి అప్పగిస్తున్నాను. ఫ్రేములో పట్టడం లేదని ఆయన బొమ్మ అంచు నూలుపోగంత కూడా కోయడు. ఈ పనికి అలాంటి మనిషే కావాలి.

2. నా కుంచెలు, రంగులు, స్టాండు చెల్లికి. ఆ కుంచెలతో గోళ్లకు రంగు వేసుకుంటుందని తెలుసు. వేసుకోనీ. సన్నకుంచెను మాత్రం కడిగి, మొన పైకి ఉండేలా నిలబెట్టాలి. బడి మానకూడదు. ఇది అక్క మాట.

3. ద్రాక్షగుత్తి చిన్నపటం నాన్నకు. సైకిలు మీద బట్టల మూటలు ఇళ్లకు చేర్చి వచ్చి, నా బల్ల పక్కనుంచి వెళ్లినప్పుడల్లా బొమ్మ కోసం పెట్టిన గుత్తిలోంచి ఒక పండు నోట్లో వేసుకునేవాడు. "బొమ్మలోకి ఎక్కించేశావుగా, ఇంకెందుకే?" అనేవాడు. ఆ గుత్తిలో అక్కడక్కడా ఒట్టి కాడలు కనిపించేది అందుకే. ఉన్నది ఉన్నట్టు వేశాను.

4. పెద్దపటం సంగతి వివరంగా రాయాలి. నా గదిలో చెక్కబల్ల మీద తెల్లదుప్పటి, దాని మీద దానిమ్మలు, నారింజలు, ఒక జామకాయ. పండ్లు ఆగవు కనుక ముందు వాటిని ముగించి, తరువాత దుప్పటి ముడతలను ఎడమ నుంచి కుడికి వేస్తూ వచ్చాను. పిన్నులు గుచ్చి నిలబెట్టిన ముడతలవి. గాలికి చెదురుతాయని కిటికీ తెరవడానికి కూడా భయపడేదాన్ని. సగం దాకా వచ్చాక ఒకరోజు రంగులు కొనడానికి బజారుకు వెళ్లాను. వచ్చేసరికి అమ్మ పండ్లు దించి, పిన్నులు పీకి, నీళ్లు చిలకరించి దుప్పటికి శుభ్రంగా ఇస్త్రీ చేసింది. నాలుగు మడతలు పెట్టి, మళ్లీ బల్ల మీద పరిచి, పండ్లు వరసగా పేర్చింది. "ఎవరైనా చూస్తే ఇది ఇస్త్రీవాళ్ల ఇల్లేనా అనుకోరూ?" అంది. నాకు నవ్వాగలేదు.

5. ఆ సాయంత్రమే మా డ్రాయింగు మాస్టారు వచ్చారు. దుప్పటి చూసి, "బుద్ధున్నవాళ్లు చేసే పనేనమ్మా ఇది? పిల్ల కష్టమంతా బూడిదలో పోశావు" అన్నారు. "నలిగిందనుకున్నా బాబూ, నాకేం తెలుసు" అంది అమ్మ. ఆ రోజు నుంచి ఆమె నా గది గడప దాటలేదు. టీ గ్లాసు గుమ్మం దగ్గర నేల మీద పెట్టి పిలుస్తుంది. లోపలికి రమ్మని ఎంత బతిమాలినా, "నా చెయ్యి పడితే ఏం పాడవుతుందోనే" అంటుంది. ఊరందరి బట్టలూ మచ్చ పడకుండా తిరిగిచ్చిన చెయ్యి అది. ఈ ఒక్క విషయంలో మాస్టారిని నేను క్షమించలేదు. అయినా తెల్లగుడ్డలో ఎన్ని రంగులు దాగి ఉంటాయో ఫీజు అడగకుండా చూపించింది ఆయనే. కిటికీ పక్కనున్న నా స్టూలు ఆయనకు ఇస్తున్నాను.

6. పటంలో కుడిసగం నేను ఇస్త్రీ చేసిన దుప్పటినే వేశాను. ఎడమపక్క పిన్నుల ముడతలు, కుడిపక్క చదునైన తెలుపు, దాని మధ్య ఒకదాన్నొకటి దాటే రెండు మడతగీతలు. మాస్టారు అది తప్పంటున్నారు. ఆ పక్క తాను సరిచేసి పోటీకి పంపుతానంటున్నారు. సరిచేయకూడదు. తెలిసే వేశాను. ఇస్త్రీపెట్టె నడిచిన చోట గుడ్డకు ఒక సన్నటి మెరుపు వస్తుంది. ముడతలన్నీ ఒక ఎత్తు, దాన్ని పట్టుకోవడం ఒక ఎత్తు అయింది. పటమూ, బల్ల మీద ఉన్న దుప్పటీ అమ్మకే చెందుతాయి. మాస్టారు వచ్చి ఎంతసేపైనా చూడవచ్చు. ముట్టుకోకూడదు.

7. చివరిది, బాబాయికి. అమ్మకు చదువు రాదు కనుక ఈ కాగితం మీరే చదివి వినిపించాలి. గుమ్మం బయట నిలబెట్టి చదవకండి. నా గదిలో, నా కుర్చీలో, పటానికి ఎదురుగా ఆమె కూర్చున్నాకే మొదటి అక్షరం పలకండి. రానంటుంది. ఏడుస్తుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఆగండి. నా మాట వినాలంటే తనే లోపలికి వస్తుంది.

అమ్మా, ఇది వింటున్నావంటే వచ్చావన్నమాట. బల్ల మీద దుప్పటి దుమ్ము పట్టి మళ్లీ నలిగింది. ఎండిపోయిన పండ్లు దించు. పెట్టె వేడి చేసుకో.

ఆగస్టు పదకొండు, గురువారం సాయంత్రం.

(సంతకం)
ఇంట్లో "బొమ్మల పిల్ల" అని పిలిచే పెద్దకూతురు

నేను సంతకం చేస్తుండగా చూసినవారు:
వార్డు నర్సు
పక్క మంచం మీది టీచరమ్మ