తీర్పయ్యాక రెండో తల్లి

టీచరమ్మా, వందనాలు.

మీరు హగరి ఊళ్ళో మీ ఇల్లు వదిలి ప్రభువు దగ్గరికి పోయి పద్నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ మీకు రాయాలంటే ముఖం చెల్లలేదు. ఈ రోజు ఒక కబురుంది, అందుకే కూర్చున్నాను. కానీ ఆ కబురు కంటే ముందు నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది...

మీరు లేకపోయాక ఊళ్ళో నాటకం పిల్లలు ఎవరి దగ్గరికి పోవాలో తెలియక తిరుగుతున్నారు. బళ్ళో తెలుగు చెప్పినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, నాటక శిక్షణాలయం సెలెక్షన్‌కి పోయే ప్రతి ఒక్కరూ మీ గడప తొక్కిన వాళ్ళే గదా. ఏ ఏకపాత్ర చెయ్యమంటారు టీచర్ అని అడిగేవాళ్ళు. మీరు ఒక్కరికీ జవాబు చెప్పలేదు. నాలుగైదు కాగితాలు చేతిలో పెట్టి, వసారాలో వేరుశనక్కాయలు ఒలుస్తున్న ఆడవాళ్ళ ముందు నిలబెట్టేవాళ్ళు.

"సుమ్నే, ఊరికే చదువప్పా. యాక్షను వద్దు. వాళ్ళ చేతులు చూస్తా చదువు."

ఏ కాగితం దగ్గర చేతులు ఆగితే అదే ఆ పిల్లాడి ఏకపాత్ర. కంటనీరు తెప్పించే పెద్ద పెద్ద మాటలకి కాయలు టపటపా పడుతూనే ఉండేవి. ఎవరో ముసలమ్మ బస్టాండులో చెప్పు తెగి కూర్చుని కొడుకుతో మాట్లాడే ముక్కకి మాత్రం ఒక్క చెయ్యి కదిలేది కాదు. నాకు నవ్వొచ్చేది. ఏదైనా ఎంచుకోవాలంటే ఉపవాసముండి ప్రార్థన చెయ్యాలి గానీ, ఈ శనక్కాయల శాస్త్రమేంది టీచర్ అన్నాను ఒకసారి. గుర్తుందా?

"ప్రార్థన నువ్వు చెయ్యప్పా దానప్పా. కాయలు వీళ్ళు ఒలుస్తారు."

మీ ఇంటి వెనకే స్టేషను. రైలు వచ్చిందంటే ఏమీ వినపడదు. పిల్లలు గొంతు పెంచితే మీరు చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు. "రైలుతో పోటీ ఏంది? నోరు ముయ్యి. ముఖం మాత్రం ఆపొద్దు." రైలు దాటేదాకా ఆ పిల్లలు అట్లా ముఖంతోనే నిలబడి ఉంటే... మనిషి మాట్లాడకుండా అంత చెప్పగలడని నాకెందుకు తెలియలేదు? నేను వాక్యం చెప్పేవాణ్ణి, నోరు తప్ప వేరే పనిముట్టు ఎరగని మనిషిని.

మా అమ్మాయి కెజియ డిగ్రీ అయ్యాక నాటక శిక్షణాలయానికి పోతానంది. మీరు నాటిన విత్తనమే అది. సెలెక్షన్‌లో కన్నడలో ఒకటి, సొంత భాషలో ఒకటి, మూడేసి నిమిషాల ఏకపాత్రలు చెయ్యాలి. కన్నడది తనే ఎంచుకుంది. తెలుగుది నా మీద వేసుకున్నాను. సిరిగేరి మళ్ళగట్ల మీద మైకు లేకుండా నాట్లు వేసేవాళ్ళకి వాక్యం చెప్పినవాణ్ణి, నాకు తెలియని ఏకపాత్రా అనుకున్నాను. ఆకాశం నుంచి అగ్ని దింపిన ప్రవక్తను ఎంచాను. గ్రంథపు తెలుగులో రాశాను. చెయ్యి ఎక్కడ ఎత్తాలో, ఎక్కడ గర్జించాలో నేనే నేర్పాను.

ఒక్క నిమిషానికే ఆపమన్నారట. అక్కడ కూర్చున్న ఒకావిడ, ఇది ఎవరికి చెప్తున్నావమ్మా అని అడిగిందట. తిరుగు బస్సులో కెజియ అదే ప్రశ్న నన్ను అడిగింది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మీరు ఎన్నిసార్లు అడిగారు నన్ను... ఆదివారం నా ప్రసంగం అయ్యాక, చెప్పులు వేసుకుంటూ, ఎవరూ వినకుండా. "బాగా మండినావప్పా. ఈ పొద్దు ఎవరితో మాట్లాడినావు?" మెచ్చుకుంటున్నారనే అనుకునేవాణ్ణి.

ఈ ఏడుతో కెజియకి వయసు హద్దు దాటుతుంది. ఇంకొక్క అవకాశమే. అప్పుడే మీ చెల్లెలు మీ నోటుపుస్తకాల పెట్టె తెచ్చి మా ఇంట్లో పెట్టింది. కెజియ ఒక కాగితం బయటికి తీసింది. మీ చేతిరాత చూడగానే అది ఏ కాగితమో నాకు అర్థమైంది. ఇదే టీచరమ్మా నేను ఒప్పుకోవాల్సింది.

ఒకే ఇంట్లో ఇద్దరు తల్లులు, ఇద్దరు పసిబిడ్డలు. నిద్రలో ఒకామె తన బిడ్డ మీద పడితే అది చనిపోయింది. లేచి, బతికున్న బిడ్డను మార్చుకుంది. రాజు కత్తి తెమ్మన్నాడు. అసలు తల్లి, వద్దు, బిడ్డను ఆమెకే ఇచ్చెయ్యమంది. రాజు నిజం కనిపెట్టాడు. నేను ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ ఆ రెండోదాన్ని దొంగ, అబద్ధికురాలు అని చీల్చి చెండాడాను. మీరు ఆ రెండో తల్లికి మాటలు పెట్టి ఏకపాత్ర రాశారు. ఒక ఏడు క్రిస్మస్ నాటకంలో పెడదామని మన చర్చి కమిటీ ముందు ఉంచారు.

నేను లేచాను. దొంగ నోటికి దేవుని స్టేజీ మీద చోటేంది అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అందరూ తలలు దించుకున్నారు. మీరు కళ్ళజోడు డబ్బీలో పెట్టి, మూత వేసి, ఒక్క మాట అన్నారు.

"ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండేటోళ్ళని వాక్యంలోనే ఉండాది గదప్పా. తీర్పయినాక ఆ యమ్మ యాడికి పోయింది?"

వెటకారమనుకున్నాను. ఆ ఏడు కూడా ఎప్పట్లాగే గొర్రెల కాపరుల నాటకమే వేశాం. మీరే నేర్పారు, మీరే తెర లాగారు. నా మీద ఒక్క మాట ఎవరి దగ్గరా అనలేదు.

మీ సమాధి దగ్గర మట్టి వేస్తున్నప్పుడు మీ చెల్లెలు చెప్పింది, పెళ్ళైన కొత్తలో మీకు ఒక బిడ్డ పుట్టి ఏడో రోజున పోయిందని. ఎట్లా పోయింది అని నేను అడగలేదు. అడిగే అర్హత నాకు ఉందా?

ఇంత తెలిసీ, కెజియ ఇదే చేస్తా నాయనా అన్నప్పుడు నేను వద్దన్నాను. అంత తొందరగా విరగదు టీచరమ్మా గర్వం. మూడో రోజు మధ్యాహ్నం నేను కుట్టు మిషను మీద కూలికి జీన్స్ జేబులు కుడుతున్నాను. తను వెనక నిలబడి చదవడం మొదలుపెట్టింది. యాక్షను లేదు. మన ఇంటి భాషలో, మీరు రాసిందే.

"అక్కా... రాజు లేచి లోపలికి పోయినాడు. జనం కూడా పోతాండారు. మనం ఇద్దరం పోవాల్సింది ఆ ఇంటికే గదక్కా. నువ్వు ముందు నడువు. బిడ్డ నీ భుజం మీద నుంచి నన్నే చూస్తాండాడు... చూడనీ. నా సంకలో వాణ్ణి చుట్టిన ఈ గుడ్డ ఇంకా వెచ్చగానే ఉండాది. ఇంటికి పోయినాక దీన్ని యాడ ఆరేయాలక్కా?"

మిషను ఆగిపోయింది. నా కాలే ఆపింది, నాకు తెలియకుండా. ఆ నిశ్శబ్దంలో తను ఆపలేదు, చివరిదాకా చదివింది. తర్వాత కాగితం మడిచి ఒక్కటే అంది, "నాయనా, మిషను ఆగింది."

లేఖనం తెరిచి చూశాను. ఒకే ఇల్లు. ఉంది, అక్కడే ఉంది. ముప్పై ఏళ్ళు ఆ మాట మీదుగా అరుచుకుంటూ పోయాను గానీ, ఆ గడప దగ్గర ఒక్కసారైనా నిలబడలేదు. మీరెన్నిసార్లు నిలబడ్డారో...

పోయిన వారం సెలెక్షన్‌కి నేనూ వెంట వెళ్ళాను, తలుపు బయట వరండాలో కూర్చున్నాను. సగంలో కరెంటు పోయి, పక్కనే జనరేటరు మొదలైంది. కెజియ గొంతు ఆగింది. నేను కూర్చున్న చోటే కళ్ళు మూసుకున్నాను. హగరి రైలే అది నాకు. ముఖం ఆపొద్దమ్మా, ఆపొద్దు... జనరేటరు శబ్దం సర్దుకున్నాక తన గొంతు మళ్ళీ వినపడింది, అంతకుముందు కంటే తగ్గి.

పోయినేడు అడిగిన ఆవిడే మళ్ళీ అదే ప్రశ్న వేసిందట. కెజియ ఏం చెప్పిందో తెలుసా? "ఆ అక్కకి." అంతే. అక్కడున్న ముగ్గురిలో ఇద్దరికి తెలుగు రాదు. అయినా గుడ్డ దగ్గరికి వచ్చేసరికి రాసుకుంటున్న ఒకాయన పెన్ను ఆగిందని కెజియ చెప్పింది. అంటే అక్కడిదాకా పోయాయి టీచరమ్మా మీ శనక్కాయలు.

ఈ రోజు పొద్దున ఫోనులో ఎంపికైనవాళ్ళ జాబితా వచ్చింది. మా కెజియ పేరుంది. కింద నుంచి రెండోది. ఇదీ కబురు.

ఇక నా మాట. కమిటీతో మాట్లాడాను. ఈ క్రిస్మస్‌కి ఆ రెండో తల్లి మన స్టేజీ ఎక్కుతుంది. కెజియ సెలవు పెట్టి వస్తానంది. ముందు నేను నిలబడి, ఆ ఏడు దీన్ని ఆపింది నేనేనని, మీ పేరు పలికి, అందరి ముందు చెప్తాను. ప్రసంగం చెయ్యను. రెండు మాటలే. అవి కూడా మీతోనే మాట్లాడతాను.

తర్వాత దిగిపోయి ఆడవాళ్ళ పక్కన చాప మీద కూర్చుంటాను, ఒళ్ళో శనక్కాయల చేట పెట్టుకుని.

మీ
దానప్ప