దేవుడి గదిలో గాజు గొట్టం

విశాఖపట్నం,
2024 ఆగస్టు 20.

ఇంటి పెద్దలకూ, నువ్వంటే జడిసే మా బుధు అన్నయ్యకూ దండాలు చెప్పి, సోములమ్మ వదినకు సోని రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? అన్నయ్య కాఫీ తోటలో కలుపు తీశాడా, వాన వంక చెప్పి పొయ్యి దగ్గరే కూర్చుంటున్నాడా? ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్ చేస్తే సిగ్నల్ కోసం నువ్వు ఘాట్ మలుపు దాకా రావాలి, అక్కడ మన మాటలు ఊరంతా వింటుంది. ఇది నువ్వొక్కదానివే చదవాలి.

నీతో పెద్ద పని పడింది వదినా. మే నెలలో నేను తెచ్చి దేవుడి గది మూలలో నిలబెట్టిన సన్నటి గాజు గొట్టం ఉంది కదా, దాన్ని నువ్వే బయటికి తేవాలి. పెడుతున్నప్పుడు నువ్వు ఊరుకున్నావా? "ఏటే గుంటా, ఏటి సేత్తన్నావు? పోయిన పెద్దల్ని కొలిసే గదిలో నీ మందులేటి?" అన్నావు. అప్పుడు నవ్వేసి తప్పించుకున్నాను, ఇప్పుడు చెబుతాను విను.

అందులో ఉన్నది ప్లాటినం కలిసిన పదార్థం. ప్లాటినం అనగానే టీవీ ప్రకటన గుర్తొచ్చి నాకో ఉంగరం చేసిపెట్టమన్నావు. నేను చేసేదీ ఒకరకం ఉంగరమేలే, కంటికి కనపడదు. ప్లాటినం ముందు ఇంకో అణువుని నత్రజని దగ్గర పట్టుకుంటుంది. తర్వాత పక్కనున్న కార్బన్ మీది హైడ్రోజన్‌ని తోసేసి అక్కడా పట్టుకుని చుట్టు కట్టేస్తుంది. ఆ చుట్టు ఒకసారి బిగిసిందంటే మరిగించినా విడదు. దాని మీద ఇంకో మందు పోస్తే ఎర్ర రంగు పోయి లేత పసుపు వచ్చింది. ఏదో అంటుకుందని రంగు చెబుతుంది, ఎటువైపు అంటుకుందో స్ఫటికాన్ని పరీక్షిస్తేనే తెలుస్తుంది.

స్ఫటికాలు పటికబెల్లం కట్టినట్టు మెల్లగా కట్టాలి. గొట్టంలో రెండు ద్రవాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, అవి కదలకుండా కలవాలి. ఇక్కడి ఉక్కకి తొందరగా కలిసిపోయి పొడి రాలుతోంది. ఫ్రిజ్‌లో పెడితే దాని వణుకు చాలు, పాడవడానికి. మన దేవుడి గది చల్లగా, చీకటిగా ఉంటుంది. అమ్మా నువ్వూ తప్ప ఎవరూ తిరగరు. పెళ్లయిన ఆడపిల్ల లోపల అడుగు పెట్టకూడదు కాబట్టి అక్క కూడా గడప ఇవతలే కూర్చుంటుంది, పండగనాడు కొత్త పంట అన్నం మనమే ఆకులో పెట్టి అందిస్తాం. అంతకన్నా కదలిక లేని చోటు నాకు ఎక్కడ దొరుకుతుంది?

పోయిన నెల వచ్చినప్పుడు గొట్టం తీసుకుపొమ్మని అన్నయ్య అన్నాడు. ఇంకా తయారవలేదని చెప్పాను. ఈపాటికి అయ్యుంటాయి. కొత్త కొర్రలు వండి పెట్టే కొర్ర కొత్త పండగకి మీరు గది అలుకుతారు, ఆలోగా తీసెయ్యాలి. నా పరిశోధనకి గైడుగా ఉన్న మా వరహాలరావు సారు ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. మళ్లీ చేద్దామంటే ల్యాబ్‌లో ప్లాటినం ఉప్పు లేదు. ఆ స్ఫటికాలు రాకపోతే ఇన్నేళ్ల నా చదువు మధ్యలోనే ఆగిపోతుంది. సారుని ఆపలేను, నేను వచ్చి తెచ్చుకోలేను. ఏం చెయ్యాలో తోచక నీకు రాస్తున్నాను.

మూత తియ్యకు, వాసన చూడకు, పిల్లల్ని దగ్గరికి రానివ్వకు. పసిబిడ్డకి స్నానం చేయించేటప్పుడు తల ఎలా పట్టుకుంటావో అంత నెమ్మదిగా, నిలువుగా పట్టుకో. శుక్రవారం అరకు సంతకి మా ల్యాబ్‌లో పనిచేసే సాయికుమార్ వస్తాడు. ఎర్ర బ్యాగుతో బస్టాండులో ఉంటాడు, అతని చేతికివ్వు. కాస్త మొహమాటస్తుడు, ఏడిపించకు.

నీ నోటికి భయపడే, నువ్వు లేకపోతే దిక్కులేని
నీ ఆడపడుచు
సోని

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను వదినా. స్ఫటికాలు పోయిన నెలకే తయారయ్యాయి. మీరందరూ తోటకి వెళ్లాక ఆ గడప దగ్గర నిలబడి చూశాను. తలుపు సందులోంచి పడ్డ వెలుగులో గొట్టం అడుగున మెరుస్తున్నాయి. ఇంట్లో ఎవరూ లేరు. లోపలికి వెళ్లి తెచ్చుకున్నా అడిగేవాళ్లు లేరు. కాలు ఎత్తాను గానీ గడప అవతల వెయ్యలేకపోయాను.

జూన్‌లో నేనూ సాయికుమారూ రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకున్నాం. అతను మైదానం వాడు, మనవాడు కాదు. దేవుళ్ల మీద నాకు పెద్ద నమ్మకం లేదని నీకు తెలుసు. అయినా వాళ్లని మోసం చెయ్యడానికి మనసు రాలేదు. మీ అందరితో మాత్రం ఏమీ జరగనట్టే కూర్చుని అన్నం తిన్నాను. అమ్మకి ఎలా చెప్పాలో తెలియదు. చెబితే అక్కలాగా గడప దగ్గరైనా కూర్చోనిస్తుందో లేదో తెలియదు.

ఇది చదివాక ఆ గొట్టం ముట్టుకోవాలని నీకు అనిపించకపోతే ముట్టుకోకు. నా చదువు ఏమైనా కానీ. నేను చేసిందొకటైనా ఆ గదిలో ఉంటుంది.