నానబెట్టానని చెప్పాను

...నిన్నటి కార్డులో అంతా బాగుందని రాశాను కదమ్మా, అది అబద్ధం. మొన్న పిన్ని డ్యూటీకి వెళ్తూ ఎర్ర చిక్కుడు గింజలు రాత్రే నానబెట్టి, పొద్దున మెత్తగా ఉడికించమంది, సరిగా ఉడక్కపోతే ఆ గింజలు విషమేనంది. నానబెట్టడం మర్చిపోయాను. పొద్దున ఎండు గింజలే గిన్నెలో పోసి, స్కూల్ టైమ్ అయిపోతోందని అరగంటకే దించేశాను. పిన్ని వాళ్ల మామగారు, అదే ఇక్కడి తాతయ్య, "ఏమే, గులకరాళ్లు వండావా? ఉన్న నాలుగు పళ్లూ నీకే ఇచ్చేయాలా?" అని నవ్వుతూనే, నా మొహం చూసి కంచం ఖాళీ చేశారు. సాయంత్రం నేను స్కూల్ నుంచి వచ్చేసరికి ఆయనకి ఒకటే వాంతులు.

పిన్ని "నానబెట్టావుగా?" అంటే "ఆ, రాత్రే" అనేశాను. దాంతో తప్పంతా పాలామె మీదికి పోయింది. "పాడైన పాలు పోసి పెద్దాయన్ని చంపేస్తావా?" అని పిన్ని వీధిలోనే ఆవిణ్ణి కడిగేసి, ఇక రావద్దంది. ఆవిడ పాలక్యాను ఎత్తుకుని వెళ్లిపోయిందమ్మా. నేను కిటికీ వెనకే నిలబడ్డాను, బయటికి రాలేదు.

తాతయ్యకి ఇప్పుడు నయం, లేచి కూర్చుంటున్నారు. నాకే ముద్ద దిగడం లేదు. పిన్నికి నిజం ఎలా చెప్పాలో వెంటనే రాయి, నాన్నకి మాత్రం చెప్పకు. చెల్లి దగ్గు తగ్గిందా? నా నీలం స్వెటర్ పంపు. నానమ్మని అడిగానని...

ఎవరో తలుపు కొడుతున్నారు. పాలామె గొంతే. "పాపా, తాతగారికి ఎలా ఉంది?" అంటోంది. పిన్ని ఇంట్లో లేదు. కార్డు పుస్తకంలో దాచేస్తున్నా, తలుపు నేనే తీయాలి.