నోటీసు కంటే ముందు విప్పాల్సిన కవరు

గోపన్‌పల్లి,
శనివారం.

మైదుకూరు కంప్యూటర్ సెంటర్ అధినేత్రి, నా ఒక్కగానొక్క అక్క సముఖానికి, తమ్ముడు వాసు నమస్కారం పెట్టి, కాస్త దూరంగా నిలబడి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు, బావ, అమ్మానాన్న క్షేమమని తలుస్తాను. ఇది చివరిదాకా చదివాక కూడా క్షేమంగానే ఉండండి.

నీకు రెండు కవర్లు వస్తాయి. మా కంపెనీ పేరు అచ్చేసిన కవరు ముందు విప్పొద్దు. అది నోటీసు. నీకే. రాసింది నేనే. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. సగంలోనే తిట్టడం మొదలుపెడతావు, మిగతా సగం ఎవరు వింటారు?

ఇక్కడ వాన వదలడంలేదు. హాస్టల్ సాంబారు తియ్యగా ఉంటుంది. ఒక్కడినే కూర్చుని నీ చెనిక్కాయల పొడిని తలుచుకుని అన్నం తింటున్నా. అయినా బాగానే ఉన్నా, బెంగ పెట్టుకోవద్దు.

మంగళవారం మా లైసెన్సుల టీమ్ పెద్ద సరితా మేడమ్ ఒక ఫోటో చూపించింది. మా ఆపరేటింగ్ సిస్టమ్‌ని మా పేరుతోనే ఎవరో పంచుతున్నారని ఫిర్యాదు. ఫోటోలో ఇంత పెద్ద ఫ్లెక్సీ, దాని మీద మా కంపెనీ గుర్తు, కింద చేతులు కట్టుకుని మన బావ. నా నోట్లో టీ అక్కడే ఆగిపోయింది.

"మైదుకూరంట. మీ దిక్కే కదా? ఎరుకనా వీళ్లు?"

"కొంచెం, మేడమ్. మా అక్క."

"కాపీ యాడికెళ్లి వచ్చింది మీ అక్కకు?"

"దసరాకి, ఇక్కడ చేరకముందు, నేనే పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఇచ్చా."

ఆమె కళ్లద్దాలు తీసి నన్ను మళ్లీ చూసింది. "జర కూసో" అంది. నేను అప్పటికే కూర్చునే ఉన్నా.

ఓపెన్ సోర్సే కదా, ఎవరికైనా ఇచ్చుకో అని ఆరోజు నీకు ఉపన్యాసమిచ్చా. సగమే నిజమక్కా. లోపలి ప్రోగ్రాములు కాపీ చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. అది నీ హక్కు, మా కంపెనీ కూడా కాదనలేదు. కానీ కంపెనీ పేరు, గుర్తు, వాళ్లు సొంతంగా కలిపిన బ్యాకప్ టూల్ పంచకూడదు. లైసెన్సులు నేను ఉద్యోగంలో చేరాక చదివా. ఇచ్చేముందు చదవాల్సింది.

"దాసిపెడితే నౌకరి పోతుండె. చెప్పినవ్ కాబట్టి నోటీసు నువ్వే రాయి, నువ్వే సంతకం పెట్టు. పదిహేను దినాల్ల వాళ్లు మార్చకుంటే ఇగ నా చేతుల ఏం ఉండది" అంది మేడమ్.

కాబట్టి నా ఉద్యోగం ఇప్పుడు బావ నిచ్చెన మీద ఉంది. ఫ్లెక్సీ దింపించు. ఆ టూల్, పేరు, గుర్తు తీసేసిన కాపీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఈ కవర్లోనే పెట్టా, ఈసారి మేడమ్ చూసి సరేనన్నదే. లైసెన్సు ఫైళ్లు మాత్రం తీయొద్దు, పంచే హక్కు రాసి ఉన్నది వాటిలోనే. పాత కాపీ తీసుకెళ్లిన పిల్లలందరినీ పిలిచి ఇది ఎక్కించు. అప్పుడు ఊరంతా పంచినా అడిగేవాళ్లు ఉండరు.

అమ్మానాన్నలకు నా నమస్కారాలు, ఆశీర్వదించమను. సంగతి మాత్రం నిదానంగా చెప్పు. బావకి ఫోటోలో బాగా పడ్డాడని చెప్పు. కోపం తగ్గాక చెనిక్కాయల పొడి పంపు.

కొత్త కాపీకి కొత్త పేరు కావాలి. నీ ఇష్టమైంది పెట్టుకో. నా పేరు మాత్రం వద్దు, నోటీసు కింద ఉన్నది చాలు.

నీ తమ్ముడు,
వాసు