తిరగేసిన కాలరు

ఆదివారం, మధ్యాహ్నం

ప్రియమైన అక్కకు,

చెల్లెలు నమస్కరించి రాయడమేమంటే, ఇక్కడ నేనూ నా కుట్టుమిషనూ క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, ఆయన మోకాలూ క్షేమమని తలుస్తాను.

నీ ఉత్తరం చదివి ఒకటే నవ్వు. ఆ వడ్రంగి పిల్లికి బిచ్చం పెట్టని రకమనీ, సబ్బు అరుగుతుందని నా చేత స్నానం కూడా మానిపిస్తాడనీ, నలభై దాటాక ఏరికోరి ఈ పీనాసిని కట్టుకోవాలా అనీ రాశావు. అబద్ధమెందుకు, వీధంతా అదే మాట. ఆయన వంగిన మేకుని పారేయడు, సుత్తితో తిన్నగా కొట్టి వాడతాడు. పెన్సిలు గోరంత అయ్యాక పుల్లకి కట్టి మరీ గీస్తాడు. ఒక టీ కొంటే సగం ఇప్పటికి, సగం సాయంత్రానికి.

ఇక చొక్కాల సంగతి మరీను. కాలరు అరిగిందంటే చాలు, దాన్ని విప్పి లోపలి వైపు పైకి తిప్పి కుట్టమని నా కొట్టుకి తెస్తాడు. ఈ రోజుల్లో కాలరు తిరగేయించుకునేవాళ్లు ఎవరున్నారు చెప్పు? పక్కన ఇస్త్రీ చేసే ఆవిడైతే, తిరగేత మొగుడు వచ్చాడని నన్ను ఒకటే ఏడిపిస్తోంది.

నన్ను చేసుకుంటానని ఆయన అడిగి పది రోజులైంది. నా భయం డబ్బు గురించి కాదక్కా. నేను మాత్రం దారప్పోగు పారేస్తానా? ఇంట్లో మాటా, నవ్వూ కూడా ఆచితూచి ఇచ్చే మనిషైతే ఎలా బతకను? అది తేలకే ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. నిన్న సరేనన్నాను. కోప్పడకు. వచ్చే ఆదివారమే పెళ్లి. మీరిద్దరూ ముందురోజే దిగాలి.

ఇట్లు,
నీ మొండి చెల్లెలు

తా.క. ఎందుకు ఒప్పుకున్నానో రాయనే లేదు. నిన్న ఆయన తెచ్చిన చొక్కా కొత్తది, గుండీలు ఇంకా బిగుతుగానే ఉన్నాయి. మెడకి రాసుకుంటే కాలరు మడత దగ్గర అరుగుతుంది. ఇదేమో కొసల దాకా గీసుకుపోయింది, దులిపితే రంపప్పొట్టు. ఇదేమిటండీ అని నిలదీస్తే చెవులు ఎర్రబడ్డాయి.

"గరుకు కాగితంతో రుద్దానండీ. ఊరికే వస్తే ఏమనుకుంటారోనని."

మొదటి చొక్కా ఒక్కటే నిజంగా అరిగిందట! మేకు పారేయని మనిషి నన్ను చూడ్డానికి మంచి చొక్కాలన్నీ పాడుచేసుకున్నాడక్కా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇకమీదట ఊరికే రండి అన్నాను. 'ఊరికే' అన్న మాట వినేసరికి నా పిసినారి మొహం ఎలా వెలిగిపోయిందో నువ్వు చూడాల్సింది.