అమ్మ ముందుపన్ను ఊడలేదు నాయినా

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వికారాబాద్‌లో నేను పనిచేసే పళ్ల క్లినిక్‌లోనే అమ్మ ముందుపన్నుకు త్రీడీ ప్రింటర్ మీద చేసిన తాత్కాలిక క్యాప్, అంటే పంటి తొడుగు, పెట్టాం. మొన్న దాని అంచు విరిగింది. "ఏడాదికొచ్చే చుట్టాల ముందు నోరెట్ల తెరవాలె?" అని అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది.

"అతికిస్తే ఊడుతది, వారం ఆగితే కొత్తది చేద్దాం" అంది డాక్టరమ్మ.

"క్యాప్ మెటీరియల్ డబ్బాలొచ్చిన కాగితం మొత్తం చదివిన మేడం, అతికియ్యొచ్చని ఉంది. ఊడితే నన్నడుగుండ్రి!" అని గొంతు పెంచాను. నా కోపం నీకు తెలిసిందే. చివరికి ఆమే అమ్మ పంటి మీంచి క్యాప్ తీసి నా చేతిలో పెట్టింది.

తాండూరులో బండలు పరిచేటప్పుడు, సిమెంటు పట్టాలని నున్నటి బండ వెనక ఉలితో గాట్లు పెట్టేవాడివి కదా. నేనూ విరిగినచోటును గరుకు చేసి, అతుకు పట్టే బాండింగ్ మందు పూసి, పంటిరంగు మెటీరియల్ పెట్టి, నీలి లైటుతో గట్టిపరిచాను. డాక్టరమ్మ దాన్ని మళ్లీ అమ్మ పంటికి తొడిగింది.

ఇవాళ అమ్మ నీ పటం ముందు ఉడికిన కందికాయలు పెట్టింది. ఒకటి తీసి ముందుపళ్లతో లాగబోయింది.

"వాటితోని వద్దన్న కదమ్మా!" అని అరిచాను.

"నీ పనిమీద నీకే నమ్మకం లేదా?" అని లాగేసింది.

గింజలు నోట్లోకి, తొక్క చేతిలోకి వచ్చాయి. పన్ను కదల్లేదు. అమ్మ ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండా, నీ పటం వైపు తిరిగి నోరారా నవ్వింది.

"చూసినవా, గిది నీ బిడ్డ పనే."